ఇరవై అంకెల సంఖ్యను విప్పడం ఎలా?

రికార్డుల్లో ఉస్మాన్‌సాగర్ అని ఉన్నా మనందరికీ అది గండిపేట చెరువే. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాల మేరకు నిజాం సర్కారు మూసీకి అడ్డుకట్ట వేయించింది. 1920లో పని పూర్తయింది. నిండు మట్టం 1,790 అడుగులు, నిల్వ 3.9 టీఎంసీలు. వానాకాలం వచ్చిందంటే ఈ రెండు లెక్కలూ పేపర్లో కనిపిస్తూనే ఉంటాయి. 1,790 అడుగులంటే ఎంతో కొంత ఊహకు అందుతుంది. 3.9 టీఎంసీలు అన్నప్పుడు మాత్రం ‘చాలా నీళ్లు’ అనుకుని పేజీ తిప్పేస్తాం.

పెద్ద సంఖ్య ఏది ఎదురైనా మనం చేసే పని ఇదే. ఎంత పెద్దదో చూసి అక్కడే ఆగిపోతాం. కానీ సంఖ్య గుట్టు దాని సైజులో ఉండదు. అది ఎలా పుట్టింది, ఏ చిన్న సంఖ్యలను గుణిస్తే వచ్చింది అన్న రెండు ప్రశ్నలు వేస్తే ఇరవై అంకెల సంఖ్య కూడా నోట్‌బుక్కులో రెండు పేజీలకు లొంగుతుంది. ఆ పని మొదటిసారి చేయబోయేవారి కోసం ఈ వ్యాసం. ఎనిమిదో తరగతి దాకా చదివిన లెక్కలు గుర్తుంటే చాలు. గళ్ల నోట్‌బుక్కు, పెన్ను దగ్గర పెట్టుకోండి. గళ్లది అయితే అంకెలు ఒకదాని కింద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి, పెద్ద గుణకారాల్లో సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి.

మొదటి మెట్టు: గండిపేట సంఖ్యతో చెయ్యి తిప్పుకోండి

ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. కాబట్టి 3.9 టీఎంసీలు అంటే 390 కోట్లు. అంకెల్లో 3,90,00,00,000.

చివరి సున్నాలను ముందు విడదీయండి. ఇందులో ఎనిమిది సున్నాలున్నాయి, మిగిలింది 39. ఒక్కో సున్నా అంటే ఒక 10, ఒక్కో 10 అంటే ఒక 2, ఒక 5. అంటే ఎనిమిది 2లు, ఎనిమిది 5లు వచ్చాయి. ఇక 39 అంటే 3 × 13. అంతే, సంఖ్య విడిపోయింది:

3,90,00,00,000 = 2⁸ × 3 × 5⁸ × 13

ఇలా ప్రధాన సంఖ్యల లబ్ధంగా రాసుకున్నాక, దాన్ని ఎన్ని సంఖ్యలు నిశ్శేషంగా భాగిస్తాయో భాగించి చూడక్కర్లేకుండానే చెప్పవచ్చు. ఒక భాజకాన్ని తయారు చేయాలంటే 2లను ఒక్కటీ తీసుకోకపోవచ్చు, ఒకటి తీసుకోవచ్చు, అలా ఎనిమిది దాకా తీసుకోవచ్చు. మొత్తం 9 దారులు. 5లకూ అలాగే 9 దారులు. 3 తీసుకోవడం, మానడం 2 దారులు, 13కూ 2. వీటిని గుణించండి: 9 × 9 × 2 × 2 = 324. అంటే గండిపేట నీటిని ఘనపుటడుగుల లెక్కలో, ముక్క మిగలకుండా సమానంగా పంచడానికి 324 రకాల వాటాలున్నాయి. ఈ 324ను గుర్తుంచుకోండి, తర్వాత పోల్చడానికి పనికొస్తుంది.

రెండో మెట్టు: అసలు సంఖ్యను తప్పు లేకుండా రాసుకోండి

మనం విప్పబోయే సంఖ్య ఇది:

18446744073709551615

ఇది తెలుగువారికి కొత్త సంఖ్య కాదు. మహావీరాచార్యుడి సంస్కృత ‘గణితసారసంగ్రహం’ 9వ శతాబ్దం నాటిది. దాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో మనకు దొరికిన మొదటి గణిత గ్రంథం అదే. చదరంగం పలకలో 64 గళ్లుంటాయి కదా, మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, ఇలా గడిగడికీ రెట్టింపు చేస్తూ పోతే మొత్తం ఎంతవుతుందో చెప్పే పద్యం ఒకటి మల్లన పేరుతో ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ పద్యంలో ఉన్నది ఈ ఇరవై అంకెలే.

అంకెలను పద్యంలో ఎలా ఇమిడ్చారో కొంచెం తెలుసుకోవాలి. చంద్రుడంటే 1, కన్నులు 2, అగ్ని 3, వేదాలు 4, బాణాలు 5, ఋతువులు 6, పర్వతాలు 7, ఏనుగులు 8, రంధ్రాలు 9, ఆకాశం 0. ముందు చెప్పిన మాట ఒకట్ల స్థానం, తర్వాతిది పదుల స్థానం, అలా కుడి నుంచి ఎడమకు నడవాలి. ఉదాహరణకు నేను ‘ఆకాశం, రంధ్రం, అగ్ని’ అంటే మీరు 0, 9, 3ను కుడి నుంచి పేర్చాలి. 390 వస్తుంది, గండిపేట కోట్లు. మల్లన పద్యం బాణంతో మొదలై చంద్రుడితో ముగుస్తుంది. మన సంఖ్య కుడి చివర 5, ఎడమ చివర 1 ఉన్నాయి చూడండి. ఛందస్సు అంకెలకు కాపలా. ఒక్క మాట మారినా పద్యం కుంటుతుంది, కాబట్టి వందల ఏళ్లు నోటి మీద నడిచినా ఇరవై అంకెలూ చెక్కుచెదరలేదు.

ఇప్పుడు కామాలు పెట్టండి. కుడి నుంచి ముందు మూడు అంకెలు, తర్వాత రెండేసి: 1,84,46,74,40,73,70,95,51,615. చదవడానికి ఇంకా తేలికైన దారి కోట్ల దగ్గర కోయడం. కుడి నుంచి ఏడేసి అంకెలకు ఒక గీత పెడితే 184467 | 4407370 | 9551615 అవుతుంది. అంటే లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, ఆపైన 44,07,370 కోట్లు, ఆపైన 95,51,615.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ సంఖ్యను ఎక్సెల్‌లో కొడితే చివరి ఐదు అంకెల బదులు సున్నాలు పడతాయి, ఎందుకంటే అది పదిహేను అంకెల వరకే నమ్మకంగా దాచుకుంటుంది. ఫోన్లలోని మామూలు క్యాలిక్యులేటర్లూ చాలావరకు తోక కోసేసి ఉజ్జాయింపు చూపిస్తాయి. మన పనికి తోకే ముఖ్యం. చేత్తో రాయండి.

మూడో మెట్టు: పై పరీక్షలు

భాగహారం మొదలుపెట్టకముందే అంకెలను చూసి చెప్పగలిగినవి చెప్పేయాలి.

చివరి అంకె 5. కాబట్టి బేసి సంఖ్య, 5 భాగిస్తుంది. చివరి రెండు అంకెలు 15, కాబట్టి 25 భాగించదు. అంకెలన్నీ కూడండి: 87 వస్తుంది. 87ను 3 భాగిస్తుంది, 9 భాగించదు. కాబట్టి మన సంఖ్యనూ అంతే. ఈ 87ను పేజీ మూలన రాసి పెట్టుకోండి. సంఖ్యను మళ్లీ ఎక్కించుకున్న ప్రతిసారీ అంకెలు కూడి 87 వచ్చిందో లేదో చూస్తే, ఒక అంకె తప్పు పడినా దొరికిపోతుంది.

7, 11, 13 మూడింటికీ కలిపి ఒకే పరీక్ష ఉంది. 7 × 11 × 13 = 1001 కావడమే దాని కిటుకు. సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెల గుంపులుగా విడగొట్టి, ఒకదాన్ని కలుపుతూ తర్వాతిదాన్ని తీసేస్తూ పోవాలి:

615 − 551 + 709 − 073 + 744 − 446 + 18 = 1016

1016లోంచి 1001 తీసేస్తే 15. ఇప్పుడు 15ను 7తో భాగిస్తే శేషం 1, 11తో భాగిస్తే 4, 13తో భాగిస్తే 2. మూడింట్లో ఏదీ సున్నా కాదు, కాబట్టి 7, 11, 13 ఏవీ మన సంఖ్యను భాగించవు. ఇరవై అంకెల భాగహారాలు మూడు తప్పాయి. బడిలో ఈ 1001 పద్ధతిని ఇంకాస్త గట్టిగా నేర్పితే బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఇప్పటికి తేలిందేమిటంటే 3, 5 భాగిస్తాయి. అక్కడి నుంచి 17, 19, 23 అంటూ ఒక్కొక్కటీ ప్రయత్నిస్తూ పోవచ్చు గానీ అది గుడ్డి దారి. దానికన్నా సంఖ్య పుట్టుకలోకి వెళ్లడం మేలు.

నాలుగో మెట్టు: పుట్టుక

1 + 2 + 4 + 8 + … అని 64 గళ్లు కూడాలి. నేరుగా కూడకండి. పక్కన ఇంకొక్క గింజ అప్పు తెచ్చుకోండి. ఆ గింజ, మొదటి గడిలోని గింజ కలిస్తే 2. రెండో గడిలోని 2 కలిస్తే 4. మూడో గడిలోని 4 కలిస్తే 8. అప్పు గింజ పుణ్యమా అని ప్రతి గడి దగ్గరా మొత్తం సరిగ్గా రెట్టింపవుతూ పోతుంది. 64 గళ్లూ అయ్యేసరికి 2ను 64 సార్లు వేసి గుణించినంత, అంటే 2⁶⁴ అవుతుంది. ఇప్పుడు అప్పు తీర్చేయండి. మన సంఖ్య 2⁶⁴ − 1.

2⁶⁴ను కట్టడానికి 63 గుణకారాలు అక్కర్లేదు, ఆరు చాలు. 2ను వర్గం చేస్తే 4. దాని వర్గం 16. దాని వర్గం 256. తర్వాత 65,536. తర్వాత 429,49,67,296. దీన్ని ఇంకోసారి వర్గం చేస్తే 2⁶⁴.

ఆఖరి వర్గం ఒక్కటే పెద్దది. దాన్ని 42949, 67296 అని రెండు ముక్కలు చేయండి. కావలసినవి మూడే గుణకారాలు:

42949 × 42949 = 1844616601
2 × 42949 × 67296 = 5780591808
67296 × 67296 = 4528751616

మొదటిదాని వెనుక పది సున్నాలు, రెండోదాని వెనుక ఐదు సున్నాలు పెట్టి మూడూ కూడండి. 18446744073709551616 వస్తుంది. ఒకటి తీసేస్తే మల్లన సంఖ్య. ఈ కూడిక మీ చేత్తో మీరే ఒకసారి చేసి చూడాలని గట్టిగా చెబుతాను. ఆ ఇరవై అంకెలు మీ పెన్ను కింద వరుసగా పడుతుంటే కలిగే సంతోషం చదివితే రాదు.

ఐదో మెట్టు: ఎంత పెద్దదో ఒక్కసారి గండిపేటతో కొలవండి

సన్నవడ్లు లీటరుకు సుమారు 40,000 గింజలు పడతాయని అంచనాకు అనుకుందాం. మీ ఇంట్లో గింజలు వేరైతే ఒక చెంచాడు లెక్కపెట్టి, లీటరుకు ఎన్ని చెంచాలో చూసి గుణించుకోండి. ఒక ఘనపుటడుగుకు 28.3168 లీటర్లు. కాబట్టి గండిపేటలో పట్టేది 11,043 కోట్ల లీటర్లకు పైన. దాన్ని 40,000తో గుణిస్తే సుమారు 44 కోట్ల కోట్ల గింజలు.

ఇప్పుడు పలక మీద నడవండి. 51 గళ్ల గింజలు మొత్తం పోస్తే చెరువు సగానికి కాస్త ఎక్కువే నిండుతుంది. 52 గళ్లకు మొత్తం 2⁵² − 1, అంటే సుమారు 45 కోట్ల కోట్లు. 52వ గడి ఒక్కదాని గింజలతోనే మిగతా సగమూ నిండి, వడ్లు కట్ట దాటి పొర్లుతాయి. ఇంకా పన్నెండు గళ్లు మిగిలే ఉన్నాయి! పన్నెండు రెట్టింపులంటే 4,096 రెట్లు. పలక పూర్తయ్యేసరికి నాలుగు వేలకు పైగా గండిపేటలు కావాలి. 51వ గడి దాకా చెరువులో ఇంకా బోలెడు చోటు ఉన్నట్టే కనిపించడం రెట్టింపుల్లోని అసలు ప్రమాదం. అప్పులకూ, అంటురోగాలకూ వర్తించే గణితం ఇదే.

సైజు సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

ఆరో మెట్టు: రెండుగా చీల్చుకుంటూ పోండి

వర్గాల భేదం సూత్రం గుర్తు చేసుకోండి. రెండు వర్గాల తేడా అంటే ఆ మూలాల మొత్తాన్ని ఆ మూలాల తేడాతో గుణించినంత. 2⁶⁴ ఒక వర్గం, 1 కూడా ఒక వర్గమే. కాబట్టి

2⁶⁴ − 1 = (2³² + 1) × (2³² − 1)

ఇందులో 2³² − 1 మళ్లీ రెండు వర్గాల తేడాయే. దాన్నీ చీల్చండి. మిగిలినదాన్నీ చీల్చండి. చివరికి చేతిలో మిగిలేవి ఇవి:

3 × 5 × 17 × 257 × 65,537 × 429,49,67,297

వెనక్కి నడిచి సరిచూసుకోండి. 3 × 5 = 15. 15 × 17 = 255. 255 × 257 = 65,535. దాన్ని 65,537తో గుణిస్తే 429,49,67,295. ప్రతిసారీ నాలుగో మెట్టులో చూసిన వర్గాలకు సరిగ్గా ఒకటి తక్కువ వస్తోంది.

ఒక్క భాగహారం కూడా చేయకుండా ఆరు కారణాంకాలు వచ్చేశాయి. పుట్టుక తెలిస్తే పని ఎంత తేలికవుతుందో చూశారుగా.

ఏడో మెట్టు: ఇవి ఇంకా విరుగుతాయా?

ఒక సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో తేల్చడానికి దాని వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. 3, 5, 17 సంగతి తెలిసిందే. 257కు వర్గమూలం 16 పైన. 2, 3, 5, 7, 11, 13 ఏవీ భాగించవు. కాబట్టి ప్రధాన సంఖ్యే.

65,537 దగ్గర కాస్త ఆగాలి. దీని వర్గమూలం 256 పైన. అక్కడి దాకా 54 ప్రధాన సంఖ్యలున్నాయి. అన్నిటితో భాగించే ఓపిక ఉన్నవారు భాగించవచ్చు, కానీ అడ్డదారి ఉంది. ముందు 17తో ఒక ప్రయోగం చేయండి. 1, 2, 4, 8, 16, 32… ఇలా రెట్టింపులను 17తో భాగించి శేషాలు రాయండి: 1, 2, 4, 8, 16, 15, 13, 9, మళ్లీ 1. ఎనిమిది అడుగులకు చక్రం తిరిగి మొదటికి వచ్చింది. 17 లోంచి 1 తీస్తే 16, అది 8కి గుణిజం. ఇది కాకతాళీయం కాదు. 2 తప్ప ఏ ప్రధాన సంఖ్యతో చేసినా చక్రం పొడవు ఆ సంఖ్యకు ఒకటి తక్కువైనదాన్ని తప్పకుండా భాగిస్తుంది. 17వ శతాబ్దపు ఫ్రెంచి న్యాయవేత్త పియర్ ద ఫెర్మా కనుక్కున్న నియమం ఇది.

65,537 అంటే 2¹⁶ + 1. దీన్ని ఏ ప్రధాన సంఖ్య భాగించినా, దానితో చూస్తే 2¹⁶ దగ్గర శేషం ‘ఒకటి తక్కువ’ అవుతుంది, 2³² దగ్గర 1 అవుతుంది. అంటే చక్రం పొడవు సరిగ్గా 32. కాబట్టి ఆ ప్రధాన సంఖ్య 32 గుణిజానికి ఒకటి ఎక్కువై తీరాలి. 256 లోపల అలాంటివి 33, 65, 97, 129, 161, 193, 225. వీటిలో ప్రధాన సంఖ్యలు 97, 193 మాత్రమే. 97తో భాగిస్తే శేషం 62, 193తో భాగిస్తే 110. రెండూ భాగించవు. 54 భాగహారాలు రెండుకు తగ్గాయి, 65,537 ప్రధాన సంఖ్య అని తేలింది.

ఇక మిగిలింది 429,49,67,297. దీనికొక చరిత్ర ఉంది. 3, 5, 17, 257, 65,537 ఐదూ ప్రధాన సంఖ్యలే కావడం చూసి ఫెర్మా ఈ వరుసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని నమ్మాడు. దాదాపు వందేళ్ల పాటు ఆ మాట అలాగే నిలిచింది. 1732లో లియొనార్డ్ ఆయిలర్ ఆరోదాన్ని విరగ్గొట్టాడు.

ఎలా? మనం ఇప్పుడు వాడిన దారే. ఇది 2³² + 1, కాబట్టి చక్రం పొడవు 64. భాగించే ప్రధాన సంఖ్య 64 గుణిజానికి ఒకటి ఎక్కువ కావాలి. 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641… ఇందులో ప్రధాన సంఖ్యలు ఏరితే 193, 257, 449, 577, 641. ఐదోది 641. దాన్ని పరీక్షించడానికి పది అంకెల భాగహారం కూడా అక్కర్లేదు. 65,536ను 641తో భాగించండి. 641 × 102 = 65,382, శేషం 154. మనకు కావలసిన 2³² అంటే 65,536 వర్గమే కాబట్టి శేషాన్నే వర్గం చేస్తే సరి: 154 × 154 = 23,716. ఇప్పుడు 641 × 37 ఎంతో చూడండి. 23,717! ఒక్కటే తక్కువ. మనకు కావలసింది 2³² + 1 కదా, ఆ లోటు సరిగ్గా పూడింది. 641 నిశ్శేషంగా భాగిస్తుంది. ఈ లెక్క మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. పది అంకెల సంఖ్య భవితవ్యం చిన్నపిల్లలు చేయగల రెండు గుణకారాల మధ్య తేలిపోయింది.

429,49,67,297 = 641 × 67,00,417

67,00,417 ఇంకా విరుగుతుందా? దాని వర్గమూలం సుమారు 2,588. 19వ శతాబ్దంలో ఎడ్వార్ లుకా అనే ఫ్రెంచి గణితవేత్త ఆయిలర్ నియమాన్ని ఇంకాస్త బిగించాడు. ఈ సంఖ్యను భాగించేది 64 కాదు, 128 గుణిజానికే ఒకటి ఎక్కువ కావాలి. 2,588 లోపల అలాంటివి ఇరవై, వాటిలో ప్రధాన సంఖ్యలు ఐదు: 257, 641, 769, 1153, 1409. భాగిస్తే వచ్చే శేషాలు వరుసగా 170, 44, 120, 334, 622. ఒక్కటీ సున్నా కాదు. 67,00,417 ప్రధాన సంఖ్య. ఇక విరిచేది ఏమీ లేదు:

18446744073709551615 = 3 × 5 × 17 × 257 × 641 × 65,537 × 67,00,417

ఎనిమిదో మెట్టు: ఇప్పుడు గుణాలు చదవండి

భాజకాలు ఎన్ని? ఏడు ప్రధాన సంఖ్యలు, ఒక్కొక్కటీ ఒక్కసారే. ఒక్కోదానికి తీసుకోవడం, మానడం అని రెండు దారులు. రెండును ఏడుసార్లు గుణిస్తే 128. గండిపేట 390 కోట్లకు 324 ఉన్నాయి, దానికన్నా నాలుగు వందల కోట్ల రెట్లకు పైగా పెద్దదైన దీనికి 128 మాత్రమే. భాజకాల సంఖ్యకూ సైజుకూ సంబంధం ఎంత పలచనో ఈ రెండు సంఖ్యలు చాలు చెప్పడానికి.

తనను వదిలేసి మిగతా భాజకాలన్నీ కూడితే సరిగ్గా తానే వచ్చే సంఖ్యను పరిపూర్ణ సంఖ్య అంటారు. 6 అలాంటిది: 1 + 2 + 3. మన సంఖ్య సంగతి చూడాలంటే ప్రతి ప్రధాన సంఖ్యకూ ఒకటి కలిపి, అదే ప్రధాన సంఖ్యతో భాగించి, అన్నీ గుణించాలి. 4/3 × 6/5 = 1.6. 18/17తో గుణిస్తే 1.694. మిగిలిన నాలుగూ కలిసి దాన్ని 1.703కు చేరుస్తాయి. అందులోంచి తనను తీసేస్తే 0.703. అంటే భాజకాలన్నీ చేతులు కలిపినా సంఖ్యలో 70 శాతం చిల్లరే అందుకుంటాయి. పరిపూర్ణం కాదు, బాగా లోటు ఉన్న సంఖ్య.

ఇది వర్గ సంఖ్య కాదు. 5తో ముగిసే వర్గం ఏదైనా 25తోనే ముగుస్తుంది, ఇది 15తో ముగుస్తోంది. రెండు వర్గాల మొత్తంగానూ దీన్ని రాయలేం. వర్గాన్ని 4తో భాగిస్తే శేషం 0 లేదా 1, రెండు కలిస్తే 0, 1, 2 వస్తాయి గానీ 3 రాదు. మనదాన్ని 4తో భాగిస్తే శేషం 3.

రెండింటి పద్ధతిలో, అంటే 0, 1 అంకెలతోనే రాస్తే ఇది వరుసగా అరవై నాలుగు 1లు. అందుకే కంప్యూటర్లలో 64 బిట్ల గడిలో పట్టే అతిపెద్ద పూర్ణ సంఖ్య ఇదే. దీనికి ఇంకొక్కటి కలిపితే ఆ గడి తిరిగి సున్నా చూపిస్తుంది. గండిపేటలోనే ఉన్న సీబీఐటీ, ఎంజీఐటీ కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలకు ఈ సంఖ్య మొదటి ఏడాదిలోనే ఎదురవుతుంది. అది తెలుగు పద్యంలో వెయ్యేళ్ల నాడే ఉందని వాళ్లకు ఎవరైనా చెప్పాలి.

జ్యామితిలోనూ దీని వాటా ఉంది. స్కేలు, వృత్తలేఖినితో మాత్రమే సమబాహు త్రిభుజం గీయవచ్చు, సమ పంచభుజి గీయవచ్చు. 17 భుజాలదీ సాధ్యమేనని 1796లో గౌస్ చూపించాడు. 257కూ 65,537కూ అదే వర్తిస్తుంది. బేసి భుజాలున్న ఆకారాల్లో ఇలా గీయగలమని ఇప్పటికి తెలిసిన అతిపెద్దదానికి ఉండే భుజాలు 429,49,67,295. అది 3 × 5 × 17 × 257 × 65,537 తప్ప మరొకటి కాదు. ఆరోది 641 దగ్గర విరగకపోయి ఉంటే ఈ పట్టిక ఇంకా పైకి పోయేది.

సాధన

రెండు సంఖ్యలు ఇస్తున్నాను. మొదటిది 1,11,11,111. 1,52,207ను 73తో గుణిస్తే ఇది వస్తుందని మహావీరాచార్యుడు తన గ్రంథంలో చూపించాడు. అలాంటి దండల్లాంటి సంఖ్యలు ఆయన చాలా ఇచ్చాడు. మీరు దాన్ని 1111 × 10001 అని చీల్చి మొదలుపెట్టండి. రెండు ముక్కలూ ఇంకా విరుగుతాయి, మొత్తం నాలుగు ప్రధాన సంఖ్యలు రావాలి. 10001లో ఒకటి 73 అని ఆచార్యుడే చెప్పేశాడు.

రెండోది గండిపేట పిన్‌కోడ్, 5,00,075. చివర 75 ఉంది కాబట్టి 25 భాగిస్తుంది, మిగిలేది 20,003. ఇది విప్పడానికి పుట్టుక కథ ఏమీ లేదు, తపాలా శాఖ వేసిన నంబరు. వర్గమూలం 141 పైన కాబట్టి 139 దాకా ప్రధాన సంఖ్యలు ఒక్కొక్కటే ప్రయత్నించాల్సిందే. 7, 11, 13కు 1001 పరీక్ష వాడండి: 3 − 20 = −17, మూడూ భాగించవు. ఓపిగ్గా పోతే 83 దగ్గర తెగుతుంది, రెండో ముక్క 241. అది అయ్యాక మీ ఊరి పిన్‌కోడ్ తీసుకోండి.